ఆగస్టు 29 సాయంత్రం

రాష్ట్రపతి భవన్‌లో దర్బార్ హాలు అనే పేరు ఇప్పుడు లేదు. 2024 జూలైలో దానికి గణతంత్ర మండపమని పేరు పెట్టారు. గది అదే. గుమ్మటం నుంచి వేలాడే షాండ్లియర్ అదే. రాష్ట్రపతి కుర్చీ వెనక గుప్తుల కాలం నాటి బుద్ధుడూ అక్కడే నిలబడి ఉన్నాడు. ఢిల్లీకి ఎంతో దూరాన ఉత్తరాంధ్రలో పెరిగిన నాలాంటివాళ్లకు ఆ హాలు తెలిసిందంటే దూరదర్శన్ వల్లే. పద్మ పురస్కారాలప్పుడు ఒకసారి, క్రీడా పురస్కారాలప్పుడు ఒకసారి చూపించేవారు. నేను కాచుకుని కూర్చునేది రెండోదానికి. హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజైన ఆగస్టు 29న అర్జున, ద్రోణాచార్య, ఖేల్ రత్న ఇచ్చేవారు. ఎన్నో ఏళ్లపాటు పండగ తిథిలా వచ్చేది ఆ రోజు. గది పేరు మారినందుకు నాకు బాధేమీ లేదు గానీ, ఆ సాయంత్రం పోయినందుకు ఉంది.

ఇప్పటి పిల్లలకు ఆ కార్యక్రమం ఎలా ఉండేదో చెబితే ఏముంది అందులో అంటారేమో. పాటల్లేవు, డాన్సుల్లేవు. కవర్ విప్పి పేరు చదివే ఉత్కంఠ కూడా లేదు. ఎవరెవరికి వచ్చాయో ముందే పేపర్లో పడిపోయేది. అందుకున్నవాళ్లు మైకు ముందుకొచ్చి మాట్లాడేదీ లేదు. పేరు పిలుస్తారు. క్రీడాకారుడు లేచి ఎర్ర తివాచీ మీద నడిచి వెళ్లి రాష్ట్రపతికి నమస్కరిస్తాడు. ఏ ఏడాది ఏ పోటీలో ఏం గెలిచాడో ఒకరు చదువుతారు. చేతుల్లో విల్లు ఎక్కుపెట్టిన అర్జునుడి కంచు బొమ్మ పెడతారు, ఫొటో తీస్తారు. తర్వాతి పేరు.

అంతే. ఆ అంతేలోనే నాకు చూడాల్సింది చాలా ఉండేది. అందరికీ ఒకే రకం బ్లేజరు, జేబు మీద ముద్ర. కుస్తీ వీరుడికి మెడ దగ్గర బొత్తాం పట్టక కాలరు బిగుసుకుపోయేది. నలిగి నలిగి మూసుకుపోయినట్టున్న అతని చెవులు కెమెరా దగ్గరికొస్తే స్పష్టంగా కనిపించేవి. బరువులెత్తే అమ్మాయి భుజాల దగ్గర ఆ కోటు కుట్లు లాగినట్టుండేవి. పడవ పందెగాడు, జూడో ఆడే అమ్మాయి, ఖోఖో కెప్టెన్, విలుకాడు... వీళ్ల ఆటలను మళ్లీ ఏడాది దాకా ఎవరూ టీవీలో చూపించరు. క్రికెటర్‌కి ఎంతసేపో వాళ్లకీ అంతే సేపు. అదే తివాచీ, అదే నమస్కారం. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ల కోసం రాష్ట్రపతే కిందికి దిగి వచ్చి ఇవ్వడం కూడా నేను చూశాను. ఆటలన్నీ ఒక్క వరసలో కూర్చునే చోటు ఈ దేశంలో నాకు తెలిసి అదొక్కటే.

1990ల్లో మాకు ఇది రాత్రి వార్తల్లో నాలుగు క్షణాలే. పూర్తిగా చూడ్డం తర్వాతి సంగతి. అసలు విశేషం మర్నాడు పేపర్లో వచ్చే నలుపు తెలుపు ఫొటో. మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు దాన్ని కత్తిరించి, ఇంట్లోంచి తెచ్చిన మైదా ఉడికించి ఆ జిగురుతో నోటీసు బోర్డుకు అంటించేవారు. పరీక్షల టైంటేబులు పక్కన అర్జున అవార్డు గ్రహీత. బోర్డు ముందు నిలబడి మమ్మల్ని గట్టిగా చదవమనేవారు. "ఏట్రా నోట్లో నోట్లో గొణుగుతన్నావు, ఆడు దేశానికి ఆడినోడ్రా" అనేవారు. అర్జున వస్తే రైల్లో ఊరికే తిరగడానికి పాసు కూడా ఇస్తారని ఆయనే చెప్పారు. మా వయసుకు కంచు బొమ్మ కన్నా ఆ పాసే పెద్ద గౌరవంగా తోచింది. ఫొటో తడికి ముడతలు పడి, ఎండకు పచ్చబారి, వచ్చే ఆగస్టు దాకా అక్కడే ఉండేది. కొత్తది అంటించడానికి పాతదాన్ని గోటితో గీకే పని మాకు పడేది.

ఆ బోర్డు మీద ఎక్కువ కాలం నిలిచిన మొహం కరణం మల్లీశ్వరిది. ఆమెది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర వూసవానిపేట. నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకుని 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత అయ్యింది. 1994లో అర్జున వచ్చింది. ఆ తర్వాత 1995-96కు ఖేల్ రత్న. విశ్వనాథన్ ఆనంద్‌తో 1991-92లో మొదలైన ఆ పురస్కారం ఒక మహిళకు దక్కడం అదే మొదలు, తెలుగువాళ్లకు రావడమూ అదే మొదలు. ఇప్పుడు మల్లీశ్వరి అంటే అందరికీ 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలెత్తి తెచ్చిన కాంస్యమే గుర్తొస్తుంది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ కాబట్టి అది న్యాయమే. కానీ మా జిల్లాల వాళ్లకు ఆమె అంతకు చాలా ముందే తెలుసు. అలా తెలియడానికి కారణం నోటీసు బోర్డు మీది ఆ ఫొటో. విజయనగరం దగ్గర కొండవెలగాడ అనే ఊరుంది. అక్కడ ఇంటికొకరు బరువులెత్తుతారని పేరు. ఆ ఊరి పిల్లలు పోటీలకొచ్చినప్పుడు మల్లీశ్వరిని అక్కా అని వరస కలిపి మాట్లాడుకోవడం విన్నాను, ఆమె వాళ్ల పక్కింటి మనిషైనట్టు.

ఆ రోజుల్లో గ్రూప్స్‌కు చదివే అన్నయ్యలకు ఈ పేర్లన్నీ బిట్లు. ఖేల్ రత్న తొలి గ్రహీత ఎవరు, అర్జున ఏ సంవత్సరం పెట్టారు, ద్రోణాచార్య ఏ సంవత్సరం? 1961, 1985 అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. నాకా అంకెలు వింటే ఇంకో సంగతి మనసులో మెదిలేది. ఈ రెండు సంవత్సరాల మధ్య ఇరవై నాలుగేళ్ల ఖాళీ ఉంది. ఆడినవాడికి గౌరవం ముందు వచ్చింది, నేర్పినవాడికి బాగా ఆలస్యంగా వచ్చింది. ఆ ఖాళీలో పడిపోయినవాళ్లలో హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం ఒకరు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానానికి తెచ్చింది ఆయనే. క్యాన్సర్‌తో బాధపడుతూనే 1962 జకార్తా ఏషియాడ్‌లో ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెప్పించిందీ ఆయనే. 1963 జూన్‌లో పోయారు. ఆయన చేతి కింద పెరిగిన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకు 1962లో అర్జున వచ్చింది, యూసుఫ్ ఖాన్‌కు 1966లో. గురువుకు ఇవ్వడానికి అప్పటికి పురస్కారమే లేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ మైదానాల్లో పాతవాళ్లు రహీం సాబ్ పేరెత్తినప్పుడల్లా నాకీ అన్యాయం గుర్తొస్తుంది.

బాడ్మింటన్ దగ్గరికొస్తే ఆ లోటు కొంత తీరింది. ఫతేమైదాన్‌లో, అదే ఎల్బీ స్టేడియంలో పిల్లలకు రాకెట్ పట్టడం నేర్పిన ఎస్.ఎం. ఆరిఫ్‌కు ద్రోణాచార్య వచ్చింది. ఆయన దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న పుల్లెల గోపీచంద్ 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, 2000-01కి ఖేల్ రత్న అందుకున్నాడు. తర్వాత గోపీచంద్ గచ్చిబౌలిలో అకాడమీ పెట్టాడు. అక్కణ్నుంచి తరచూ ఎవరో ఒకరు ఆ తివాచీ మీద నడుస్తూనే వచ్చారు. కశ్యప్, శ్రీకాంత్, సిక్కిరెడ్డి, సాయిప్రణీత్. ఒక్క నగరంలో ఒక్క ఆటలో గురువు నుంచి శిష్యుడికి, ఆ శిష్యుడి నుంచి అతని శిష్యులకు ఇలా సాగిన వరస దేశంలో మరోచోట అరుదు.

నేను బాగా గుర్తుపెట్టుకున్నది 2009 నాటి సాయంత్రం. రాష్ట్రపతి ప్రతిభా పాటిల్. మేరీ కోమ్, విజేందర్, సుశీల్ కుమార్ ముగ్గురికీ కలిపి ఖేల్ రత్న ఇచ్చారు, ముగ్గురికి ఇవ్వడం అప్పటికి అదే మొదటిసారి. పేపర్ల దృష్టంతా వాళ్ల మీదే ఉంది, బీజింగ్ పతకాల వేడి ఇంకా చల్లారలేదు. మా ఇంట్లో మాత్రం మేం ఇద్దరి కోసం చూస్తున్నాం. ఆ ఏడు ద్రోణాచార్య గోపీచంద్‌కు, అర్జున సైనా నెహ్వాల్‌కు. సైనా చిన్నప్పుడు ఆరిఫ్ దగ్గరా నేర్చుకుంది, తర్వాత గోపీచంద్ చేతిలో పడింది. గురువూ శిష్యురాలూ ఒకే పూట ఒకే హాల్లో. ఒకరు అందుకున్నప్పుడు రెండోవాళ్ల మొహం చూపిస్తారేమోనని చూశాను. దూరదర్శన్ కెమెరాలు అలాంటివి పట్టించుకునేవి కావు. వేదిక మీద ఉన్నదే చూపించేవి, అక్కడి నుంచి కదిలేవి కావు. మరుసటి ఏడాదే సైనాకు ఖేల్ రత్న వచ్చింది.

ఇంకొకటి 2016. రియోలో పి.వి. సింధు రజతం గెలిచింది ఆగస్టు 19న. పది రోజులకే రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ముందు నిలబడింది. సింధు, సాక్షి మలిక్, దీపా కర్మాకర్, జీతూ రాయ్, నలుగురికి ఖేల్ రత్న. అదీ అంతకు ముందు జరగని సంగతే. సింధు తండ్రి రమణకు వాలీబాల్‌లో 2000లో అర్జున వచ్చింది, అప్పటికి ఈ అమ్మాయికి ఐదేళ్లు. ఆమెకూ 2013లో అర్జున వచ్చింది. ఒకే ఇంట్లో రెండు కంచు అర్జునుడి బొమ్మలు. ఇప్పుడు పైన ఖేల్ రత్న. అదే పూట అథ్లెటిక్స్ కోచ్ నాగపురి రమేశ్‌కు ద్రోణాచార్య ఇచ్చారు. ఆయన గురించి మర్నాటి పేపర్లలో రెండు లైన్లు వచ్చాయేమో. ద్యుతీ చంద్‌ను పరుగెత్తించిన మనిషి, తర్వాత వరంగల్ జిల్లా కల్లెడ నుంచి జీవంజి దీప్తిని తీసుకొచ్చి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం దాకా నడిపించిన మనిషి. ఆ హాల్లో ఆయన పేరు బిగ్గరగా చదివిన నిమిషం ఉంది చూశారా, దానికోసమే నేనా కార్యక్రమం చూసేది.

తగాదాలు ఎప్పుడూ ఉన్నాయి, లేవనను. మిల్ఖా సింగ్‌కు 2001లో అర్జున ఇస్తామంటే ఆయన వద్దన్నారు, తన తరానికి ఇవ్వాల్సిన కాలంలో ఇవ్వలేదని. 2014లో బాక్సర్ మనోజ్ కుమార్ కోర్టుకెళ్లి తన అర్జున సాధించుకున్నాడు. 2015లో సానియా మీర్జా ఖేల్ రత్న మీదా కోర్టులో వ్యాజ్యం నడిచింది. తనకు పురస్కారం ఇవ్వమని క్రీడాకారుడే దరఖాస్తు పెట్టుకోవాల్సి రావడం నాకెప్పుడూ నచ్చలేదు. ఎవరికి ఇవ్వాలో చూసుకోవాల్సింది ఇచ్చేవాళ్లు. అయినా ఇవి చాలావరకు జూలై, ఆగస్టుల్లో రేగి, 29 నాటికి సద్దుమణిగేవి. హాల్లోకి అడుగు పెట్టాక గొడవ ఉండేది కాదు.

ఆ సాయంత్రం పోవడం ఒక్కసారిగా జరగలేదు. 2018లో జకార్తా ఏషియాడ్ ఉందని సెప్టెంబరు 25కు జరిపారు. ఒక్క ఏడాదే కదా అనుకున్నాం. 2019లో మళ్లీ తేదీకే జరిగింది. 2020లో కరోనా. తేదీ నిలిచింది, హాలు పోయింది. రాష్ట్రపతి కోవింద్ ఢిల్లీలో తెర ముందు, గ్రహీతలు దేశంలో ఎక్కడెక్కడి కేంద్రాల్లోనో తెరల ముందు. అర్జున నగదు 5 లక్షల నుంచి 15 లక్షలకు, ఖేల్ రత్నది ఏడున్నర లక్షల నుంచి 25 లక్షలకు పెంచింది ఆ రోజే. మంచి మాటే. కానీ నాకు ఆ రోజు గుర్తున్నది ఇద్దరి వల్ల. బెంగళూరులో పురుషోత్తమ్ రాయ్ అనే పెద్ద అథ్లెటిక్స్ కోచ్ ముందురోజు రిహార్సల్‌కు వచ్చి వెళ్లి, గుండె ఆగి పోయారు. జీవితకాల ద్రోణాచార్య ఆయన పేరు మీద ఉంది, అందుకోవడానికి ఆయన లేరు. రెండోవాడు మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి. అర్జున ప్రకటించారు, సరిగ్గా అప్పుడే కరోనా పాజిటివ్ వచ్చింది. తెర ముందుకు కూడా రాలేకపోయాడు.

2021లో టోక్యో పారాలింపిక్స్ వాళ్లనూ కలుపుకోవాలని నవంబరు 13కు మార్చారు. ఖేల్ రత్న పేరు ముందున్న రాజీవ్ గాంధీ పేరు తీసి ధ్యాన్‌చంద్ పేరు పెట్టింది కూడా ఆ ఏడు ఆగస్టులోనే. 2022లో నవంబరు 30. 2023 పురస్కారాలు 2024 జనవరి 9న, 2024వి 2025 జనవరి 17న. ధ్యాన్‌చంద్ పేరుతో 2002 నుంచి రిటైరైన క్రీడాకారులకు ఇస్తున్న జీవితకాల పురస్కారం కూడా ఈ మధ్యే పోయి, అర్జునలో కలిసిపోయింది. ఆయన పేరు ఖేల్ రత్నకు ఎక్కింది గానీ, ఆయన పుట్టినరోజు మాత్రం ఖాళీ అయ్యింది. ఇప్పుడు ఆగస్టు 29న బళ్లలో పిల్లల చేత ప్రతిజ్ఞ చేయిస్తారు, పరుగు పందెం పెడతారు. పురస్కారాలెప్పుడో ఎవరికీ తెలియదు.

2024 జనవరి 9 వేడుకకు ముందు ఒక సంగతి జరిగింది, దాన్ని దాటేసి రాయలేను. 2023 డిసెంబరు 30న కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ తన ఖేల్ రత్ననూ అర్జుననూ నిరసనగా ఢిల్లీ కర్తవ్యపథ్ మీద వదిలేసి వెళ్లింది. 2020లో ఖేల్ రత్న వచ్చిన ఏడు కరోనా వల్ల ఆమె కూడా వేడుకకు రాలేదు. బిడ్డలా మోసిన పతకాలను రోడ్డు మీద పెట్టి వెనక్కి తిరిగిన ఆడపిల్ల వీడియో నేను రెండోసారి చూడలేదు.

సాత్విక్ కథ ఇంకా ఉంది. 2023కు అతనికీ చిరాగ్ శెట్టికీ కలిపి ఖేల్ రత్న ప్రకటించారు. ఏషియాడ్ స్వర్ణం తెచ్చిన జంట. వేడుక జనవరి 9 అయ్యేసరికి బాడ్మింటన్ కొత్త సీజను మొదలైపోయింది, ఇద్దరూ మలేషియా ఓపెన్‌లో ఉన్నారు. అర్జున నాడు కరోనా, ఖేల్ రత్న నాడు టోర్నీ. సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. మా డ్రిల్లు మాస్టారి లాంటివారే అనుకుంటాను, పిల్లాడికి మొదట ఆట చూపించినవారు. 2025 ఫిబ్రవరిలో ఆయన గుండెపోటుతో కన్నుమూశారు. కొడుకు చేతికి ఖేల్ రత్న అందింది ఆ తర్వాత, ఢిల్లీలో క్రీడల మంత్రి చేతుల మీదుగా. దర్బార్ హాలు తివాచీ మీద కొడుకు నడవడం ఆ తండ్రి చూడలేదు.

ఆగస్టులో ఉన్నప్పుడూ అందరూ వచ్చేవారని కాదు. 2019లో బజరంగ్ పూనియా రష్యాలో సాధనలో ఉండి రాలేదు. ఏషియాడ్‌లూ పారాలింపిక్స్‌లూ ఆగస్టు తర్వాతే ముగుస్తున్నాయి కాబట్టి ఆగాల్సి వస్తోందన్న మాటలోనూ నిజముంది. అయితే ఆగస్టు తర్వాత గెలిచినవి మరుసటి ఏడాది లెక్కలోకి వేసుకోవచ్చు. పరీక్షలకైనా బడ్జెట్‌కైనా ఒక తేదీ ఉన్నట్టే దీనికీ ఉండొచ్చు. తేదీ ముందే తెలిస్తే ఆటగాళ్లూ దాన్నిబట్టి ప్రయాణాలు వేసుకుంటారు, ఇంట్లోవాళ్లూ రైలు టిక్కెట్లు కొనుక్కుంటారు, బళ్లలో పిల్లలూ ఎదురుచూస్తారు.

ప్రసారం ఇప్పటికీ ఉంది. 2025 జనవరి 17న విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతి, కల్లెడ అమ్మాయి దీప్తి అర్జున అందుకున్నారు. మధ్యాహ్నం ఎవరో పంపితే ఫోనులో చూశాను. బొమ్మ చేతిలో పెట్టడం, నవ్వడం, అయిపోయింది. సెకన్ల ముక్క. జ్యోతి హర్డిల్స్ గురించి, దీప్తి పారిస్ పరుగు గురించి ఏం చదివారో ఆ ముక్కలో లేదు. వెతుక్కుని మొత్తం చూశాను. చదివారు, నిమిషం పాటు, వెనకటిలాగే. వెతుక్కునే నాలాంటివాడికి దొరికింది. ఎదురుచూడటం తెలియని పిల్లాడికి దొరకదు.

క్రీడా శాఖవారికి నాదొక విన్నపం. పురస్కారాలను ఆగస్టు 29కి తిరిగి తెండి, ఇంకెప్పుడూ కదపకండి. హైదరాబాద్, విజయవాడ దూరదర్శన్ కేంద్రాలు ఆ పూట తెలుగు వ్యాఖ్యానంతో మొత్తం చూపించాలి. అందుకున్న ప్రతి మనిషి ఏ ఊరివాడో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో పేరుతో సహా చెప్పాలి. బళ్లలో పీఈటీ మాస్టార్లకూ ఒక మాట. ఆ తేదీ వచ్చేదాకా ఆగకండి. ఈ ఏడాది అర్జున జాబితా వచ్చిన రోజే ఫొటోలతో సహా నోటీసు బోర్డు మీద పెట్టండి.